అంకన్న ఇంటి మీద రాగిపిట్ట

రాగిపిట్టపాలెంలో బస్సు దిగిన యాత్రికులు ముందుగా గోపురం కోసం వెతుకుతారు. ఇక్కడ గోపురం లేదు, ధ్వజస్తంభమూ లేదు. ఉప్పుటేటి గట్టు దిగి తాటితోపు దాటితే, ఊరికి పడమటి కొసన ఒక పెంకుటిల్లు కనబడుతుంది. దాని గోడకు పాతిన ఇనుప ఊచ కప్పును దాటి మనిషెత్తు పైకి లేచి ఉంటుంది. ఆ ఊచ కొసన మూరెడు పొడవున్న రాగి పాలపిట్ట గాలిని బట్టి తిరుగుతూ ఉంటుంది. అదే గాలమ్మ తల్లి. కింద ఉన్నది గుడి కాదు, మా కాపురం. దర్శనం పెరట్లో నిలబడి తల ఎత్తి చేసుకోవాలి గానీ వంటింట్లోకి తొంగిచూసి కాదు.

ఈ క్షేత్రంలో హారతి లేదు, దీపం లేదు, అగరువత్తి కూడా లేదు. కర్పూరం తెచ్చినవారు దయచేసి దాన్ని సంచిలోనే ఉంచుకోవాలి. అమ్మవారికి పసుపు పూయరు, దండ వేయరు, ముడుపు కట్టరు. "ఒక్క మూర మల్లెపూలే కదమ్మా" అంటూ బతిమాలేవారు వారానికి పదిమంది తగులుతారు. మూర కాదు కదా, ఒక్క రేకు కూడా కుదరదు. ఎందుకు కుదరదో చెప్పి చెప్పి నా నోరు నొప్పి పుట్టింది. అందుకే అంకన్న వంశానికి ఆరో తరం కోడలినైన నేను, మా అత్తగారి నోట విన్న కథను విన్నట్టే ఈ చిన్న పుస్తకంలో రాస్తున్నాను.

పూర్వం ఇక్కడ ఉన్న ఊరిని మట్టలపాలెం అనేవారు. నూటపాతిక గడప. ఒక్క మేడ తప్ప అన్నీ తాటాకు ఇళ్ళే, చూరుకు చూరు తగిలేటంత దగ్గరగా ఉండేవి. పడమటి కొసన అంకన్న అనే ఆయన తాటిచెట్లు గీసి, తీపి నీరా దింపి, పెద్ద పెనంలో కాచి తాటిబెల్లం చేసేవాడు. నీరా దింపిన పూటే కాచాలి, ఆగితే పులిసిపోతుంది. పొయ్యిలోకి ఎండు తాటిమట్టలు తప్ప వేరే వంటచెరకు దొరికేది కాదు. సముద్రం వైపు నుంచి, అంటే తూర్పు నుంచి గాలి వీస్తే నిప్పురవ్వలు బీడు పొలాల మీద పడి ఆరిపోయేవి. గాలి తిరిగి పడమటి నుంచి వీచిందంటే మాత్రం ఆ రవ్వలన్నీ ఊరి మీదే పడేవి.

ఒక రోహిణీ కార్తెలో అలాగే పడ్డాయి. కన్ను మూసి తెరిచేలోగా నలభై ఇళ్ళు బూడిదయ్యాయి. కంచరి పేరిందేవి పెద్దకూతురు, పదకొండేళ్ళ సూరమ్మ, ఆ మంటల్లో పోయింది. పేరిందేవి మగడు అంతకుముందే కాలం చేశాడు. కొలిమి ముందు తానే కూర్చుని బిందెలు, చెంబులు కొట్టి పిల్లలను సాకుతున్న మనిషి ఆమె. ఇక ఆమెకు మిగిలింది చిన్నకూతురు నీలవేణి ఒక్కతే. ఆనాటి నుంచి పేరిందేవి అంకన్నతో మాట్లాడలేదు. అతడు ఎన్నిసార్లు కాళ్ళ మీద పడబోయినా, కాళ్ళు వెనక్కి తీసుకుని తన దారిన తాను వెళ్ళిపోయేది.

ఆ తరువాత పదేళ్ళలో ఊరు మరి రెండుసార్లు కాలింది. మూడోసారి కాలిన వారానికి, ఒక మిట్టమధ్యాహ్నం కొలిమి పక్కనే పేరిందేవికి కునుకు పట్టింది. కలలో జుట్టు విరబోసుకున్న ఒక స్త్రీ వచ్చి నిలబడింది. "అమ్మాయీ, నేను వచ్చేదాకా నేను వస్తున్నట్టు మీకు తెలియదు. వచ్చాక తెలిసి ఏం ప్రయోజనం? నాకు గుడి వద్దు. నా ముఖం ఎటున్నదో ఊరంతటికీ కనబడేలా చెయ్యి. రాగితో చెయ్యి. నేను ముందుగా ఏ ఇంటిని తాకుతానో ఆ ఇంటి మీద నిలబెట్టు" అన్నది. పేరిందేవి ఉలిక్కిపడి లేచేసరికి కొలిమిలోని బూడిద అంతా ఒక్క పక్కకే ఎగిరి ఉన్నది.

కల సంగతి పొక్కగానే సలహాలు ఇవ్వడానికి ఊరంతా దిగింది. ఊరి మునసబు జోగిరాజు గారు "సింహం చెయ్యి, ఊరికి దర్జాగా ఉంటుంది" అన్నారు. ఇంకొకరు హంస అన్నారు, మరొకరు నాగుపడగ అన్నారు. పేరిందేవి ఎవరికీ ఎదురు చెప్పలేదు. అన్ని రూపాలనూ, వాటితో పాటు తనకు తోచిన పాలపిట్టనూ తాటాకుతో కత్తిరించి, తుమ్మముళ్ళ మీద గుచ్చి గాలికి పెట్టింది. పడగ ఒరిగిపోయింది. హంసకు ముందూ వెనకా సమానం కావడంతో అది ఎటు చూడాలో తెలియక గిరగిరా తిరిగింది. సింహమైతే గాలికి వీపు తిప్పి కదలకుండా నిలబడింది. తల చిన్నది, తోక వెడల్పు అయిన పాలపిట్ట ఒక్కటే గాలి ఎటు నుంచి వస్తే అటు ముక్కు పెట్టి చూసింది. మునసబు గారికి కష్టం వేసింది గానీ, కళ్ళెదుట కనబడుతున్నదాన్ని ఎలా కాదంటారు?

ఇనుమును ఉప్పుగాలి తినేస్తుంది, కర్రను పురుగు తింటుంది. కలలో తల్లి రాగి అని ఎందుకన్నదో కంచరి మనిషికి వేరే చెప్పనక్కరలేదు. పేరిందేవి తన పెళ్ళినాటి రాగి గంగాళాన్ని కోసి, రేకుగా సాగగొట్టి పిట్టను చేసింది. తోకకు తల సరితూగడానికి ముక్కులో సీసం పోసింది. పొట్ట కింద చిన్న కంచుగిన్నె బోర్లించి అతికింది. ఆ గిన్నె ఊచ మొన మీద ఆనుతుంది, అంతే. ఎక్కడా మేకు లేదు, బిగింపు లేదు. ఒక్క చుక్క ఆముదం వేస్తే చిన్నపిల్ల ఊదినా తిరుగుతుంది.

ఇక ఏ ఇంటి మీద పెట్టాలి? మునసబు గారు తమ మేడ మీదే అనుకున్నారు. పేరిందేవి బూరుగుదూది పింజలు పట్టుకుని ఒక్కో కప్పూ ఎక్కి వదిలింది. మేడ చుట్టూ ఉన్న చింతచెట్లకు గాలి సుడి తిరిగి పింజ కిందికే పడింది. తన ఇంటి మీద వదిలితే, పది ఇళ్ళను రాసుకుంటూ వచ్చిన గాలికి అది తడబడింది. గాలి తిన్నగా వచ్చి తాకే ఇల్లు ఊరు మొత్తంలో ఒక్కటే ఉన్నది. అది అంకన్న ఇల్లు.

మూడు రోజులు పేరిందేవి అన్నం ముట్టలేదు. "నా బిడ్డను మింగిన పొయ్యి పక్కన నిన్ను పెట్టమంటావా తల్లీ, నీకు వేరే ఇల్లే దొరకలేదా?" అని పిట్టను ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. నాలుగో రోజు ఊచ, నిచ్చెన తీసుకుని అంకన్న వాకిట్లోకి నడిచింది. అతడి ముఖం చూడలేదు. గోడతో మాట్లాడింది.

"ఓ గోడా, నీ మీద ఊచ పాతుతున్నాను. తల్లి తూర్పు చూస్తే పొయ్యి ముట్టించుకోవచ్చు. పడమర చూస్తే ఆర్పెయ్యాలి. ఈ మాట మళ్ళీ చెప్పను."

అంకన్న గోడ పక్కనే చేతులు కట్టుకుని నిలబడి, "అలాగేనని అక్కతో చెప్పవే గోడా" అన్నాడు.

ఆ తరువాత రెండు వేసవులు ఊళ్ళో ఒక్క ఆకు కాలలేదు. పిట్ట పడమర చూస్తే అంకన్న పొయ్యితో పాటు ఇళ్ళలో పొయ్యిలు కూడా ఆరిపోయేవి. అక్కడే వచ్చింది చిక్కు. మేలు చేసిన తల్లిని ఊరికే ఉండనిస్తామా మనం? పసుపు మొదలయింది. కుంకుమ, దండలు, ముడుపుగుడ్డలు, పొరుగూళ్ళ మొక్కులు వరసగా వచ్చిపడ్డాయి. పేరిందేవి ప్రతి శుక్రవారం నిచ్చెన ఎక్కి అవన్నీ తుడిచి, అందరినీ తిట్టి దిగేది.

మూడో వేసవిలో నీలవేణి పురిటికి వచ్చింది. కాన్పు కష్టమై, ఆడపిల్లను కని, లేచి కూర్చునే ఓపిక కూడా లేక మంచానికి అంటుకుపోయింది. పురుడు వచ్చిన ఇంటికి మైల కనుక, పదకొండో రోజు శుద్ధి అయ్యేదాకా పేరిందేవి అమ్మవారిని తాకకూడదన్నారు. సరిగ్గా అప్పుడే ఊరివాళ్ళు జాతర పెట్టుకున్నారు. తిట్టే మనిషి లేదు, ఇంకేం! నూనెలో కలిపిన పసుపు చెంబులతో పోశారు. ఎక్కినవారు ఎక్కినట్టే దారాలు చుట్టారు. ఆ పసుపు, ఆ నూనె, ఆ దుమ్ము ఎండకు కాలి కంచుగిన్నెను ఊచకు సున్నం పెట్టినట్టు బిగించేశాయి. పిట్ట తూర్పు చూస్తూ ఆగిపోయింది. ఆగిపోయిందని ఎవరికీ తెలియలేదు. తల్లి శాంతించి చల్లని గాలినే ఇస్తోందని చేతులు జోడించి మురిసిపోయారు.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం గాలి స్తంభించింది. అంకన్న పైకి చూశాడు. పిట్ట తూర్పునే చూస్తున్నది. పొయ్యి గుంటలో ఉంటుంది, చుట్టూ మట్టిగోడ, అక్కడికి గాలి తెలియదు. అతడు మట్టలు వేసి నిప్పు ముట్టించాడు.

పేరిందేవి పెరట్లో పసిదాని పొత్తిగుడ్డలు ఉతుకుతున్నది. తల ఎత్తితే తాటితోపులో చెట్ల తలలు గలగలలాడుతున్నాయి. ఆకులన్నీ తూర్పుకు ఒంగుతున్నాయి. ఆమె పిట్ట వైపు చూసింది. పిట్టలో చలనం లేదు. లోపల కూతురు పడుకుని ఉన్నది, పక్కన తొమ్మిది రోజుల గుడ్డు ఉన్నది, పైన ఎండిన తాటాకు ఉన్నది. తడిచేతులతోనే పరుగు తీసింది.

అంకన్న వాకిలి నిండా జాతర జనం. "గోడా, పొయ్యి ఆర్పమను!" అని అరిచింది.

అంకన్న తెల్లబోయాడు. "తల్లి తూర్పే చూస్తోంది కదక్కా" అన్నాడు.

"ఆకులు చూడమను!"

మునసబు గారు అడ్డం వచ్చారు. "ఆకు గొప్పదా, అమ్మవారు గొప్పదా? పురిటి మైలతో ఇక్కడిదాకా వచ్చావు, చాలు. ఇక కదలకు" అన్నారు. పేరిందేవి నిచ్చెన పట్టుకుంది. ఇద్దరు ముందుకు వచ్చి ఆమె రెక్కలు పట్టుకున్నారు. ఆమె వాళ్ళ ముఖాల్లోకి చూసి ఒకే ఒక మాట అడిగింది.

"నా మనవరాలు పుట్టడం మీకు మైల. అది కాలిపోతే శుభ్రమా?"

పట్టుకున్న చేతులు జారిపోయాయి. ఆమె ఎక్కింది.

దండలు తెంపి కిందికి విసిరింది. దారాలు కోసింది. పసుపుగడ్డ మాత్రం గోళ్ళకు లొంగలేదు. బొడ్డున ఎప్పుడూ దోపుకునే చిన్న ఉలి తీసి పెచ్చులు పెచ్చులుగా కొట్టింది. కింద జనం "అపచారం, అపచారం" అని గోల పెడుతున్నారు. మొదటి గాలి విసురు వచ్చింది. పొయ్యిలోని రవ్వలు గోడ దాటి లేచి ఆమె చీర కొంగు మీదుగా పోయాయి. ఆమె ఇంకో దెబ్బ వేసింది. కీచుమన్న చప్పుడుతో పిట్ట గిర్రున తిరిగింది. తోక ఆమె చెంపను చీరింది. తల్లి ముఖం పడమటికి నిలిచింది.

ఊరంతా నోరు తెరిచింది. అంకన్న ఒక్క క్షణం కూడా ఆగలేదు. మరుగుతున్న పెనాన్ని వట్టి చేతులతో ఎత్తి పొయ్యిలోకి బోర్లించాడు. ఆవిరికి మోచేతుల దాకా తోలు ఊడింది. పొయ్యి ఆరింది గానీ, అప్పటికే లేచిన రవ్వ ఒకటి అతడి సొంత చూరులో పడి అంటుకుంది. పేరిందేవి అదే కప్పు మీద ఉన్నది. ఆమెను దింపడానికి అతడు నిచ్చెన మీద చెయ్యి వేశాడు.

అప్పుడు పన్నెండేళ్ళ తరువాత ఆమె అతడిని పేరు పెట్టి పిలిచింది. "అంకన్నా, నన్ను వదిలెయ్యి! కప్పు ఊరి వైపు పోకుండా కట్లు కొయ్యి!"

అంకన్న చెట్లు గీసే కత్తి తీసి తన ఇంటి కప్పు కట్లు తానే తెగ్గోశాడు. మండుతున్న కప్పు పేరిందేవితో సహా వాకిట్లో ఇసుకలో పడింది. జనం తడిగోనెలు వేసి మంటను తొక్కేశారు. ఆమెను లాగి చూస్తే కాలు విరిగింది, ప్రాణం ఉన్నది. వట్టి గోడ మీద రాగిపిట్ట ఒక్కటే పడమర చూస్తూ నిలబడి ఉన్నది. ఆ రోజు ఊళ్ళో కాలినది అంకన్న ఇల్లు ఒక్కటే. నాలుగో వీధిలో నీలవేణి బిడ్డకు పాలిస్తూ, బయట గోలేమిటని అడుగుతున్నదట.

అంకన్న కాలిన చేతులతో పేరిందేవి పక్కన కూలబడి, "అక్కా, ఆనాడు సూరమ్మ..." అని నేలకు తల ఆనించాడు. ఆమె చాలాసేపు ఏడ్చింది. అతడూ ఏడ్చాడు. చివరికి ఆమె, "ఇల్లు లేకుండా ఎక్కడ పడుకుంటావు? మా వసారాలో చాప వేయిస్తాను. పురిటిల్లు కదా, పిల్ల ఏడుస్తుంది, నిద్ర పట్టదు మరి" అన్నది.

కొత్త కప్పు వేశాక మునసబు గారు సంప్రోక్షణ మాట ఎత్తారు. మైల సోకింది కదా, శుద్ధి చేయించాలి అన్నారు. పేరిందేవి మంచం మీది నుంచే జవాబు పంపింది. "పదిమంది మడి కట్టుకుని పూజిస్తే తల్లి కళ్ళు మూసుకుపోయాయి. మైలచెయ్యి పడ్డాక తెరిచింది. ఇకమీదట ఆమెను తోమే చెయ్యి మైలలో ఉన్న ఆడదానిదే. ఇష్టం లేకపోతే నా గంగాళం నాకు ఇచ్చెయ్యండి." గంగాళాన్ని తిరిగి ఇవ్వడానికి ఎవరికి ధైర్యం? ఊరు ఒప్పుకుంది. పిట్ట పేరే ఊరి పేరయింది.

నేటికీ ఆ పద్ధతి తప్పలేదు. పిట్ట పడమర చూసినంతసేపు రాగిపిట్టపాలెంలో పొయ్యి వెలగదు. ఆ పూట వచ్చిన యాత్రికులకు తాటిబెల్లం పానకం, వడపప్పు, పచ్చి చలిమిడి పెడతాం. వేడి కాఫీ అడగవద్దని మనవి. శుక్రవారం ఉదయం ఆరు గంటలకు సేవ. పురుడు వచ్చిన ఇంటి ఆడవారు, చావుమైలలో ఉన్నవారు, నెలసరిలో ఉన్నవారు వరసగా మెట్లెక్కి అమ్మవారిని చింతపండుతో, ఉప్పుతో తోమి, కంచుగిన్నెలో చుక్క ఆముదం వేసి దిగుతారు. ఈ సేవ చేసినవారి ఇంట అగ్నిభయం ఉండదని, బాలింతలు, పసిబిడ్డలు చల్లగా ఉంటారని పెద్దలు చెబుతారు. నా ముగ్గురు పిల్లల పురుళ్ళలోనూ మా అత్తగారే ఎక్కి తోమారు. ఆమె పోయిన మూడో రోజు శుక్రవారం వచ్చింది. ఏడుస్తూనే నేను ఎక్కాను.

ఇటువంటి మైల రోజుల్లో మిమ్మల్ని ఏ గుడి మెట్ల దగ్గరైనా ఆపేస్తే చిన్నబుచ్చుకోకండి. ఇక్కడికి రండి. చింతపండు మేమే ఇస్తాం.