నూకాలు కళ్ళలో ఉమ్మెత్త చుక్కలు

అడవి అంచున, కందిచేల గట్టు మీద ఒక చింతచెట్టు. దాని మీద నూకాలనే కోతి కాపురం. ఒడిలో ఒక్కగానొక్క కూన, బుడంకాయ. వాడి చెవుల వెనక చేరే పిడుదులు ఏరడమే ఆమె పని. కన్ను కూన మీద ఉన్నా మనసు ఎదుటి కొండ మీదే ఉండేది. అక్కడ చిరుత ఉందని అందరూ అంటారు. చూసినవాళ్ళు లేరు.

ఒక మధ్యాహ్నం జంబయ్య నక్క దొన్నెలో ఏదో రసం పట్టుకుని వంగి వంగి వచ్చింది. చిరుత దిగిందట. మేకపిల్లను ఎత్తుకుపోయిందట. ఈ రసం కంట్లో రెండు చుక్కలు వేసుకుంటే కొండమీద చీమ కూడా కనపడుతుందట.

చెట్టుకింద నెమరు వేస్తున్న బూదన్న అనే ఎద్దు తల ఎత్తకుండానే అంది. "ఊరక రారు మహానుభావులు."

"ముక్కుతాడు వేయించుకున్నవాళ్ళ మాట వింటే మనమూ కాడి మొయ్యాలమ్మా," అంది నక్క.

నూకాలు దొన్నె అందుకుంది. చుక్కలు వేసుకుంది. నక్క వెళ్ళిపోయింది.

కాసేపటికి ఎండ కళ్ళలో గుచ్చుకోసాగింది. అయినా కొండ తేటగానే ఉంది. బండ బండా వెతికింది. చిరుత లేదు. ఊపిరి పీల్చుకుని ఒడిలోకి వంగింది.

కూన ముఖం ఉండాల్సిన చోట మసక ఉంది.

కళ్ళు నలుపుకుంది. ఇంకా దగ్గరికి తీసుకుంది. దగ్గరయ్యేకొద్దీ ముఖం చెదిరిపోతోంది. పిడుదు అనుకుని గిల్లితే కంటి కొస తగిలి వాడు కెవ్వుమన్నాడు. నూకాలు కూనతో, దొన్నెతో చెట్టు దిగింది.

"అన్నా, నా బిడ్డ ముఖం కనపడట్లేదు."

బూదన్న లేచి వచ్చి దొన్నె వాసన చూసింది. ఉమ్మెత్త. తను ఒకసారి అది మేసినప్పుడు పశువుల డాక్టరు రైతుకు చెప్పిందంతా దానికి గుర్తుంది.

"కంట్లో మెత్తని బిళ్ళ ఒకటి ఉంటుందమ్మా. దగ్గరిది చూడాలంటే అది ఉబ్బాలి. లోపలినుంచి ఒక కండరం పగ్గంలా పనిచేసి దాన్ని ఉబ్బిస్తుంది. దూరం చూడ్డానికి పగ్గం వదిలేస్తే చాలు. ఉమ్మెత్త ఆ పగ్గం పట్టు తప్పిస్తుంది."

"తెగిపోయిందా?"

"తెగలేదు. మొద్దుబారింది. కొన్నాళ్ళకు పట్టు వస్తుంది."

"అందాకా?"

బూదన్న గట్టువైపు మూతి తిప్పింది. నక్కకు నీ కళ్ళతో ఏం పని, ఆలోచించుకో అంది.

నూకాలు తల ఎత్తింది. గట్టు చివర జంబయ్య వస్తోంది. ఎప్పుడూ పొదల చాటున నడిచేది, ఇప్పుడు నడిగట్టు మీద తోక ఊపుకుంటూ, మూతి నాక్కుంటూ వస్తోంది. అంత దూరాన దాని నాలుక కూడా ఆమెకు తేటగా కనపడింది. నాకు అసలు చూపే లేదనుకుంటోంది, అనుకుంది నూకాలు.

కూనను బూదన్న వీపు మీద పెట్టి మూపురం చాటున దాక్కోమంది. చేను కంచెలో తడుముకుంటూ నాగజెముడు మట్ట విరిచింది. వేళ్ళలో ముళ్ళు దిగాయి. ఎండకు బిడ్డను కప్పినట్టు దానికి ఆముదపాకులు చుట్టి, ఒడిలో పెట్టుకుని జోకొడుతూ కూర్చుంది.

"ఏమ్మా, కళ్ళు చల్లగా ఉన్నాయా?" నక్క గొంతు దగ్గర్లోనే వినిపించింది.

"అంతా చీకటే మామా. వీడి చెవిలో పిడుదు కాస్త నువ్వే తీసిపెట్టు."

ఇంట్లో బిడ్డను చుట్టాలకు అందించినట్టు అందించింది. జంబయ్య ఆకు తొలగించి చూడను కూడా లేదు. ఆబగా నోట కరుచుకుంది.

ఆ అరుపుకు కందిచేలో కాకులన్నీ లేచాయి. నాలుక నిండా ముళ్ళతో నక్క కొండవైపు పరుగు తీసింది. మొదట ఒక మసక మరకలా ఉన్నది, దూరం పోయేకొద్దీ తేటపడింది. పొర్లడం, లేవడం, మళ్ళీ పొర్లడం అన్నీ నూకాలు చూసింది.

కొన్నాళ్ళకు బుడంకాయ కనురెప్పల వెంట్రుకలు విడివిడిగా కనపడ్డాయి. ఆ రోజు ఆమె కొండవైపు చూడలేదు.

దూరపు భయం చూపించి మందు పోసేవాడి కన్ను మన ఒడిమీదే ఉంటుంది.