వంతెన మీది జెండా

మైలమ గీసిన పదమూడో జెండా కూడా చెల్లలేదు.

పొద్దున్నే సభ గోడ మీద బొగ్గుతో గీసింది. కుడివైపు కొండ, ఎడమవైపు పడవ. కడలి ఒడ్డు పెద్ద నూకరాజు దాన్ని చూసి కండువా దులుపుకుని లేచాడు.

"మేం దాపటెద్దులమా తల్లీ?"

తుడిచేసి, పడవను కుడికి తెచ్చి, కొండను ఎడమకు జరిపింది. ఈసారి కొండ ఒడ్డు పెద్ద బీరన్న లేచాడు. చేతికర్ర తీసుకుని గుమ్మం వైపు నడిచాడు.

ఏరునాడులో కుడి అంటే గౌరవం. చుట్టమొస్తే పీట కుడివైపే వేస్తారు. కాడికి కట్టేటప్పుడు బలమైన ఎద్దును కుడివైపు కడతారు, కుడితి ముందు దానికే పెడతారు. ఎడమది దాపటెద్దు. మనిషిని ఆ మాట అంటే తలలు పగులుతాయి.

పందొమ్మిదేళ్లు కొట్టుకుని, ఏటికి అటూ ఇటూ ఉన్న కొండ ఒడ్డూ కడలి ఒడ్డూ ఏడాది కిందటే ఒక్క దేశమయ్యాయి. ఒక్క దేశానికి ఒక్క జెండా కావాలన్నారు. మఠంలో పెరిగిన పిల్ల ఎవరి పక్షమూ పట్టదని మైలమకు ఆ పని అప్పగించారు. రేపు పొద్దున జెండా ఎగరాలి. ఎగరకపోతే పొత్తు లేనట్టే, రెండు ఒడ్ల మధ్య ఉన్న ఒకే ఒక్క తాళ్ల వంతెనను కోసేస్తామన్నారు.

ఉత్త బెదిరింపు కాదది. వంతెనకు కొండ ఒడ్డు చివర కొడవలి పట్టుకుని కూర్చున్నవాడు మైలమ సొంత తమ్ముడు ఎర్రన్న. కడలి ఒడ్డు చివర కూర్చున్నవాడి ఊరికే ఆమె అక్కను ఇచ్చారు. అక్కకు నెలలు నిండాయి. వంతెన తెగితే పురిటికి అమ్మ వెళ్లే దారి లేదు.

మైలమ సభ నుంచి మఠానికి పరుగులాంటి నడకతో వచ్చింది.

ఆమె గురువు తుంగవ్వ పెరట్లో మోదుగుపూలు ఉడుకుతున్న కాగును కర్రతో కలుపుతోంది. మఠంలో అందరి బట్టలకూ ఆమే రంగు వేస్తుంది. ఎనభై ఏళ్ల చేతులు మోచేతుల దాకా కాషాయమే.

"అన్నం తిన్నావా?" అంది తుంగవ్వ.

"అవ్వా, రేపే!"

"తిన్నావా అని."

"లోపలికి పోవడం లేదు." మైలమ కాగు పక్కనే కూలబడింది. "పైనా కిందా పెట్టి గీశాను. పైవాడు తొక్కుతున్నాడన్నారు. గుండ్రంగా తిప్పాను. ఎక్కడ మొదలెట్టావన్నారు. రెండూ తీసేసి తెల్లగా వదిలేశాను. లొంగిపోయినప్పుడు ఎత్తేది అదేగా, ఎవరు లొంగారు అన్నారు. నూకరాజు చెప్పిన ప్రతి మాటకూ జవాబిచ్చాను. బీరన్న మావకూ ఇచ్చాను. నా మాటకు ఎదురు చెప్పలేక ఇద్దరూ నోరు మూసుకున్నారు. గెలిచాను అవ్వా."

"గెలిచావు."

"గెలిచాను. ఒక్కడూ ఒప్పుకోలేదు."

తుంగవ్వ కర్రను కాగు అంచుకు ఆనించింది. "ఏదీ, గీసి చూపించు."

మైలమ కొంగున దాచుకున్న బొగ్గు తీసి గోడ వైపు తిరిగింది. భుజం మీద మెత్తగా ఏదో పడింది. ఉతికి ఆరబెట్టిన పల్చని నూలుగుడ్డ.

"గోడ మీద వద్దు. దీని మీద."

"ముందు ఏది ఎటో తేలాలి కదా?"

"జెండా కర్ర వచ్చే పక్కన ఒకటి పెట్టు. చివర్న ఒకటి పెట్టు."

"అదే కదా గొడవ!"

"గొడవ సభలో ఉంది. ఇక్కడ కాగు చల్లారిపోతోంది."

మైలమ వేడి మైనంతో కర్ర వచ్చే పక్కన పడవ గీసింది, చివర్న కొండ. మైనం గట్టిపడ్డాక, గోరువెచ్చబడిన కాగులో గుడ్డను ముంచి తీసింది. తుంగవ్వ గుడ్డను తిరగేసి చూసి మళ్లీ కాగులో వేసింది.

"రంగు అవతలికి దిగలేదు."

"అవతల ఎవరు చూస్తారు అవ్వా?"

తుంగవ్వ కర్రతో గుడ్డను కాగు అడుక్కి నొక్కింది. నాలుగుసార్లు ముంచించింది. మైనం కరిగించి కడిగేశాక, కాషాయంలో తెల్లని పడవా తెల్లని కొండా తేలాయి. ఏ వైపు తిప్పినా ఒక్కటే రంగు.

మర్నాడు పొద్దున రెండు ఒడ్లూ జనంతో నిండిపోయాయి. జెండా కర్రను ఏ ఒడ్డున పాతాలన్నది ఇంకా తేలనే లేదు. తుంగవ్వ ఎవరినీ అడగకుండా మైలమ భుజం పట్టుకుని, ఊగుతున్న వంతెన మీద మెల్లగా నడిచి నట్టనడుమ ఆగింది. కర్రను అక్కడి తాళ్లకు బిగించి కట్టి, చతికిలబడి కూర్చుంది.

ఏటి ఎగువ నుంచి పొద్దుటి గాలి వీచింది. జెండా విచ్చుకుంది.

మైలమ కళ్లు మూసుకుంది.

కొండ ఒడ్డున ఈల పడింది. "మనదే కుడి! మనదే!" అది ఎర్రన్న గొంతు. ఇప్పుడు కడలి ఒడ్డున కొడవలి లేస్తుంది.

ఆ ఒడ్డున డప్పు లేచింది. "పడవే కుడిరా! చూసుకోండి, పడవే కుడి!"

మైలమ కళ్లు తెరిచింది. కొండ ఒడ్డుకు పరుగెత్తి వెనక్కి తిరిగి చూసింది. జెండాలో కుడివైపు కొండ. వంతెన దాటుకుని కడలి ఒడ్డుకు పరుగెత్తింది. కుడివైపు పడవ. ఏ ఒడ్డున నిలబడితే ఆ ఒడ్డు గుర్తే కుడికి వస్తోంది. పదమూడు జెండాలు గోడ మీద గీసింది తను. గోడకు అవతల నిలబడి చూసేవాడు ఉండడు.

నూకరాజు ఆమె తల మీద చెయ్యి పెట్టాడు. "మొత్తానికి మా మాట నిలబెట్టావు తల్లీ."

ఆమె నవ్వబోయింది. నవ్వు సగంలోనే ఆగిపోయింది.

ఈ ఏటి గాలి సంగతి ఇక్కడ పుట్టిన ప్రతి బిడ్డకూ తెలుసు. పొద్దున ఎగువ నుంచి వీస్తుంది. పొద్దు నడినెత్తి దాటగానే ఏటి దిగువ నుంచి, కడలి మీంచి తిరుగుతుంది. దానితోపాటు జెండా కూడా తిరుగుతుంది.

ఆమె వంతెన నడుమకు మళ్లీ పరుగెత్తింది.

"దించెయ్యి అవ్వా. గాలి తిరగకముందే దించెయ్యి. అందరూ సంతోషంగా ఉన్నారు, ఇళ్లకు పోనీ."

తుంగవ్వ చద్దిమూట విప్పుతోంది. "రేపో?"

"రేపు పొద్దున మళ్లీ ఎత్తుదాం. రోజూ మధ్యాహ్నం లోపు దించేద్దాం. ఎవరికీ తెలియదు."

"అంటే మళ్లీ గెలుస్తానంటావు." తుంగవ్వ ముద్ద కలిపి ఆమె చేతిలో పెట్టింది. "తిను."

మైలమ ముద్ద పట్టుకుని కూర్చుంది. తినలేదు. నీడలు కాళ్ల కిందికి వచ్చాయి. డప్పులు నెమ్మదించాయి. గాలి ఆగింది. జెండా కర్రకు అతుక్కుని వేలాడింది. అందులో కొండా లేదు, పడవా లేదు, ఒట్టి గుడ్డ మడతలు.

తర్వాత దిగువ నుంచి కడలి గాలి వచ్చింది.

ముందు డప్పు ఆగింది. ఆ తర్వాత ఈలలూ ఆగాయి. కొండ ఒడ్డువాళ్లకు కుడివైపు పడవ కనిపించింది, కడలి ఒడ్డువాళ్లకు కొండ. ఎర్రన్న లేచి నిలబడ్డాడు. కొడవలి వంతెన తాడు మీద ఆనింది. ఆ చివర కూడా ఒకడు లేచాడు.

బీరన్న కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూశాడు. "ఎవరు మార్చార్రా?"

ఎవరూ మార్చలేదు. అందరి కళ్లూ పొద్దుటి నుంచి దాని మీదే ఉన్నాయి.

ఏటి మీదుగా నూకరాజు కేక వినబడింది. "ఒరే బీరన్నా! మాది నీ కుడికి వచ్చిందా?"

పందొమ్మిదేళ్లలో ఆయన ఈయన్ను పేరుపెట్టి పిలవడం అదే మొదటిసారి.

బీరన్న గొంతు సవరించుకున్నాడు. "వచ్చింది! మాదో?"

"మాకూ వచ్చి చచ్చింది!"

మైలమ చేతిలో ముద్ద నలిగిపోయింది.

ఎర్రన్న జెండా వైపు చూశాడు, గాలి వచ్చే దిక్కుకు చూశాడు, మళ్లీ జెండా వైపు చూశాడు. "మావా," అన్నాడు బీరన్నతో, "అయితే రేపు పొద్దున మళ్లీ మనదేగా?"

"ఆఁ," అన్నాడు బీరన్న. కొంచెం ఆగి అన్నాడు, "మధ్యాహ్నం దాకా."

ఎర్రన్న కూర్చున్నాడు. కొడవలిని తాడు మీంచి తీసి, పక్కన ఉన్న దోసకాయను దానితో రెండుగా కోశాడు.

మైలమ చేతిలోని ముద్ద నోట్లో పెట్టుకుంది. మూడు రోజుల తర్వాత మొదటి మెతుకులు. సాయంత్రం అమ్మ చిన్న మూట నెత్తిన పెట్టుకుని, రెండు చివరలా కూర్చున్న కొడవలివాళ్ల పక్క నుంచే వంతెన దాటి అక్క ఊరికి వెళ్లింది.

అమ్మ కనుమరుగయ్యాక మైలమ అడిగింది. "రేపు సభలో అడుగుతారు అవ్వా. రాసి పెట్టాలంటారు. ఈ జెండాకు కుడి ఏదని అడిగితే ఏం చెప్పను?"

తుంగవ్వ ఖాళీ చద్దిగుడ్డను ఏటి మీదికి చాచి దులిపింది.

"గాలినడగమను."