చీకటి గదిలోకి వచ్చిన కొండ

కొండకింద ఊళ్ళో, నరసింహస్వామి మెట్లదారికి ఎదురుగా, తన దగ్గరున్న ఏ లోపాన్నీ ఎవరి కంటా పడనివ్వని కామేశం అనే పటాల వ్యాపారి ఉండేవాడు. దేవుళ్ళ బొమ్మలకు చట్రం బిగించి, అద్దం వేసి అమ్మడం ఆయన పని. చెక్కకు పురుగు పడితే అక్కడ బంగారు రంగు పూసేవాడు. అద్దం మూల చిట్లితే దానిమీద కాగితం పువ్వు అతికించేవాడు. "ఎవరికి తెలుస్తుందిలే" అన్నది ఆయన ఊతపదం.

ఆయన ఇల్లు రైలుపెట్టెలా ఉండేది. ముందు గది, దాని వెనక నడిమి గది, ఆ వెనక వంటిల్లు. అంతే. రెండు పక్కలా పొరుగువాళ్ళ గోడలు ఆనుకుని ఉండటంతో నడిమి గదికి కిటికీ లేదు. వానాకాలంలో కొండమీది నీళ్ళు వీధిలో నిలిచి పునాదుల్లోకి ఊరేవి. గోడలు నెమ్మెక్కి, పగుళ్ళు వచ్చాయి. కామేశం ప్రతి పగులు మీదా ఒక పటం తగిలించాడు. చిన్న పగులుకు వినాయకుడు, నిలువు పగులుకు వేంకటేశ్వరుడు, అడ్డపగులుకు పాము మీద పడుకున్న రంగనాథుడు. నడిమి గదిలో చీకటి తెలియకుండా పగలూ రాత్రీ ఒక బల్బు వెలుగుతూనే ఉండేది. ఆ ఇంటికి వచ్చినవాళ్ళు ఆ పటాలన్నీ చూసి, "ఆహా, ఎంత భక్తి" అనుకునేవారు.

ఆ నెమ్ముకు ఆయన భార్య మాణిక్యమ్మకు ఆయాసం పట్టుకుంది. నాలుగు మాటలు కలిపి చెప్పేసరికి ఊపిరి అందేది కాదు. "ఇంకో వానాకాలం ఈమెను ఈ గోడల మధ్య ఉంచకండి" అని డాక్టరు గట్టిగా చెప్పాడు. మాణిక్యమ్మ పుట్టిన ఊళ్ళో, చుట్టూ వసారా ఉన్న ఇల్లొకటి బేరానికి ఉంది. వానలు పడేదాకా ఆగుతానన్నాడు ఆ ఇంటాయన. ఈ ఇల్లు అమ్ముడుపోతేనే ఆ ఇల్లు వాళ్ళకు దక్కుతుంది.

ఇల్లు చూడటానికి వచ్చేవాళ్ళు వస్తూనే ఉన్నారు. ఒకాయన సంతలో పుచ్చకాయను చూసినట్టు గోడలన్నీ వేళ్ళతో కొట్టి, చెవి ఆనించి విన్నాడు. ఇంకొకాయన వాస్తు తెలిసిన బావమరిదిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ బావమరిది వంటింటి మధ్యలో నిలబడి, "ఈశాన్యం ఏదండీ?" అని అడిగాడు.

"అది పక్కింటివాళ్ళ వాటాలోకి వెళ్ళిందండీ" అంది మాణిక్యమ్మ అమాయకంగా.

మరొక కుటుంబంలో పిల్లవాడు గుమ్మంలోంచి వంటింటి దాకా ఒక్క పరుగు తీసి, "అమ్మా, ఇల్లు అయిపోయింది" అని అరిచాడు. ఆ తర్వాత వచ్చిన ఒక భక్తురాలు ప్రతి పటానికీ దణ్ణం పెడుతూ, లక్ష్మీదేవి పాదాలు తాకింది. పటం పక్కకు జరిగింది. వెనకనుంచి గోడపెళ్ళ ఊడి ఆమె చేతిలో పడింది. ఆవిడ దాన్ని ప్రసాదంలా పట్టుకుని వెళ్ళిపోయింది. ఆ కబురు ఊరంతా తిరిగింది. అప్పటినుంచి ఎవరు వచ్చినా పటాల వెనక్కే తొంగిచూసేవారు. అందరూ కాఫీ తాగేవారు. అందరూ "ఇంట్లో మాట్లాడుకుని ఫోన్ చేస్తామండీ" అనేవారు. ఒక్కరూ చేయలేదు.

"ఏమండీ, ఉన్నది ఉన్నట్టు చెప్పేద్దామండీ" అంది మాణిక్యమ్మ ఒకరోజు.

"చెబితే ఇంక కొనేదెవరు? నీకు లోకం తెలియదు, మాణిక్యం."

ఆమె ఇంకేదో అనబోయింది. దగ్గు వచ్చి ఆగిపోయింది.

ఎండాకాలం చివరికి వచ్చింది. ఒక మధ్యాహ్నం వాకిట్లో ఆటో ఆగింది. ఆ పటాల కబురు చేరని పొరుగూరినుంచి వచ్చిన నూకరత్నం అనే ఆమె ముందు దిగి, లోపలున్న అత్తగారిని రెండు చేతులా పట్టుకుని దింపింది. ఆ ముసలావిడ పేరు అచ్చియ్యమ్మ. గుమ్మం ఎక్కకముందే వెనక్కి తిరిగి, కొండకేసి చూసి చేతులు జోడించింది.

"కాళ్ళు ఆడినన్నాళ్ళూ శనివారం శనివారం ఎక్కాను బాబూ" అంది కామేశంతో. "ఇప్పుడు మొదటి మెట్టు కూడా నావల్ల కాదు. కనీసం ఆయన కాళ్ళ దగ్గర పడి ఉందామని వచ్చాను."

"ఇల్లు నచ్చాక ఆ మాటలన్నీ చెప్పు అత్తా. ముందే చెబితే బేరం పెరిగిపోతుంది" అంది నూకరత్నం.

"నువ్వుండవే. దేవుడి ఎదుట బేరమేంటి?"

లోపలికి వచ్చారు. మాణిక్యమ్మ మంచినీళ్ళు ఇస్తూ దగ్గింది. అచ్చియ్యమ్మ గ్లాసు అందుకోకుండా ఆమె ముఖంలోకి చూసింది.

"ఏం తల్లీ, ఆ దగ్గేంటి?"

"ఎండ దెబ్బ అమ్మా. రెండు రోజుల్లో పోతుంది" అన్నాడు కామేశం. మాణిక్యమ్మ తల వంచుకుంది.

నడిమి గదిలోకి రాగానే నూకరత్నం పైకి చూసింది. "పట్టపగలు లైటు ఎందుకండీ?"

"దేవుళ్ళున్న గది కదమ్మా. దీపం ఆరకూడదని మా ఇంట్లో మొక్కు. ఆర్పినా ఈ గదిలో వెలుతురుకు ఏం కొదవలేదు."

మొక్కు అన్న మాట వినగానే మాణిక్యమ్మ చప్పుడు కాకుండా చెంపలు వేసుకుంది.

నూకరత్నం చేయి ఊరుకునే మనిషి కాదు. తలుపులు సరిగ్గా పడతాయో లేదో చూస్తానని ముందు గదివైపు తలుపు మూసింది. దానిమీద తగిలించిన ఆంజనేయస్వామి పటం చేతికి అడ్డం వచ్చింది. కళ్ళకద్దుకుని పటం తీసి కింద పెట్టింది. దాని వెనక, పాత గొళ్ళెం మేకు ఊడిపోయిన చోట, బఠాణీ గింజంత కన్నం ఉంది.

"తలుపు కన్నానికి దేవుడు అడ్డమా బాబుగారూ? ఆంజనేయుడికి ఎన్ని పనులు చెబుతారు?" అని నవ్వింది. తర్వాత వంటింటి తలుపు కూడా మూసి చూసింది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

గది నల్లటి ముద్ద అయిపోయింది.

"వెలుతురుకు కొదవలేదన్నారు" అంది చీకట్లోంచి నూకరత్నం గొంతు.

"అగ్గిపెట్టె తెస్తానుండండి" అని ఆయన తడుముకుంటూ తలుపు వైపు కదిలాడు.

"రత్నం, తల తిరుగుతోందే" అంది అచ్చియ్యమ్మ. కోడలు ఆమెను అక్కడే నేలమీద పడుకోబెట్టింది. కామేశం చేతికి గడియ దొరికింది. లాగబోయాడు.

"ఆగు బాబూ" అంది అచ్చియ్యమ్మ మెల్లగా. "తలుపు తీయకు. గోడ చూడు."

ఆ తలుపుకు ఎదురుగా, వంటింటి తలుపు పక్కన ఉన్న గోడ ఒక్కటే ఇంట్లో పగులు లేనిది. అందుకే దానికి పటం లేదు, ఉత్త సున్నం. దానిమీద మొదట నీలిరంగు మరకలాంటిది కనిపించింది. కళ్ళు చీకటికి అలవాటుపడే కొద్దీ ఆ మరక ఆకాశమయింది. దానిపైన పచ్చగా ఏదో వేలాడింది. అది కొండ. కొండ మొత్తం తలకిందులుగా గోడమీదికి వచ్చి నిలిచింది. తెల్లని మెట్లు ఒక్కొక్కటిగా తేలాయి. గాలిగోపురం కప్పునుంచి వేలాడే దీపంలా ఉంది. మెట్లమీద మనుషులు తల కిందికి పెట్టి నడుస్తున్నారు. ఒకామె ఎర్రచీర కొంగు గాలికి ఎగిరింది. గుడి మీద జెండా రెపరెపలాడింది. ఇంత జరుగుతున్నా గదిలో చిన్న చప్పుడు కూడా లేదు.

బయట కొండమీద మండుతున్న ఎండ, తెరిచి ఉన్న వీధి గుమ్మంలోంచి వచ్చి, ఆ బఠాణీ గింజంత కన్నంలో దూరి, ఎదుటి గోడమీద పరుచుకుంది. చీకటి గదికి చిన్న కన్నం ఒక్కటుంటే వెలుగు చేసే పనే ఇది. అయినా చూసినవాళ్ళకు ఒళ్ళు జలదరించింది. కామేశం తన చేతులతో ఎన్ని దేవుళ్ళకు చట్రం కట్టాడో లెక్కలేదు. చట్రమూ అద్దమూ లేకుండా, తనంతట తానే వచ్చి గోడమీద నిలిచిన బొమ్మను ఆయన ఎన్నడూ చూడలేదు.

"తలకిందులుగా వచ్చాడు స్వామి" అంది నూకరత్నం. ఆమె గొంతులో ఇందాకటి ఎకసెక్కం లేదు.

"నాకు తలకిందులుగా లేదే" అంది అచ్చియ్యమ్మ. ఆమె తల ఆ గోడవైపు పెట్టుకుని వెల్లకిలా పడుకుని, కళ్ళు వెనక్కి తిప్పి చూస్తోంది. "గోపురం నిటారుగా ఉంది. జనం ఎక్కుతున్నారు. నా పక్కన పడుకుని చూడండి."

మాణిక్యమ్మ ఆమె పక్కన పడుకుంది. నూకరత్నం పడుకుంది. చివరికి కామేశం కూడా ఆ చల్లటి గచ్చుమీద వెల్లకిలా పడుకుని తల వెనక్కి వంచాడు. కొండ లేచి నిలబడింది.

"నేను ఎక్కలేకపోతున్నానని ఆయనే కొండను పట్టుకుని వచ్చాడు" అంది అచ్చియ్యమ్మ. ఆమె కళ్ళలో నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి. "రత్నం, నేను ఇక్కడే ఉంటానే."

"అలాగే అత్తా. ఇదే కొనేద్దాం" అంది కోడలు.

ఇల్లు అమ్ముడుపోయినట్టే. ఎవరూ ఏమీ అడగటం లేదు. నోరు మూసుకుని ఉంటే చాలు. కామేశానికి ఆ సంగతి తెలుసు. కాని ఆ నిశ్శబ్దంలో ఆయనకు రెండు ఊపిర్లు వినిపించాయి. ఒకటి ముసలావిడది, తేలిగ్గా వస్తోంది. దాని పక్కనే మాణిక్యానిది, పిల్లికూత లాగా వస్తోంది. మొదటి ఊపిరి రెండోదానిలా మారడానికి ఒక్క వానాకాలం చాలు.

కరెంటు వచ్చింది. బల్బు వెలిగింది. కొండ మాయమైంది.

కామేశం లేచాడు. వేంకటేశ్వరస్వామి పటం దించాడు. నిలువుగా పెద్ద పగులు బయటపడింది. రంగనాథుణ్ణి దించాడు. అడ్డంగా ఇంకోటి. ఒక్కో పటాన్నీ తీసి గోడవారగా నిలబెట్టుకుంటూ పోయాడు. చివరికి గోడలన్నీ బోసిగా, నల్లటి నెమ్ము మచ్చలతో మిగిలాయి.

"అమ్మా, ఆ దీపం మొక్కు కాదు. గదికి వెలుతురు లేదు" అన్నాడు. "పటాలు భక్తితో పెట్టినవి కావు. వానల్లో గోడలు తడుస్తాయి. మాణిక్యానిది ఎండ దెబ్బ కాదు. ఈ నెమ్ముకే ఆమెకు ఆయాసం వచ్చింది. మీకు అబద్ధం చెప్పాను."

నూకరత్నం ముఖం ఎర్రబడింది. "పెద్దావిణ్ణి తీసుకొచ్చి ఈ గోడల పక్కన పడుకోబెట్టేదాన్ని కదండీ" అంది. అత్తగారిని లేపి, ఆటో ఎక్కించింది. అచ్చియ్యమ్మ ఆటో తిరిగేదాకా కామేశం వైపే చూసింది.

"మన బేరం పోయింది, మాణిక్యం. నీ ఇల్లు కూడా పోయింది" అన్నాడు కామేశం పటాల మధ్య కూలబడి.

మాణిక్యమ్మ ఆయన పక్కన కూర్చుంది. "పోనివ్వండి. మీరు అన్ని అబద్ధాలాడుతుంటే పక్కన నిలబడటానికే నాకు ఎక్కువ ఆయాసం వచ్చేది" అంది.

ఆయన పటాలు మళ్ళీ తగిలించలేదు. బల్బు ఆర్పేశాడు. ఆ వారమంతా ఇల్లు చూడటానికి ఇద్దరు ముగ్గురు వచ్చారు. బోసిగోడలు చూసి గుమ్మంలోంచే వెళ్ళిపోయారు. ఆకాశంలో మబ్బులు తిరగడం మొదలుపెట్టాయి.

శనివారం పొద్దున్నే నూకరత్నం మళ్ళీ వచ్చింది. ఈసారి వెంట భర్త ఉన్నాడు. అతని చేతిలో తాపీ, భుజంమీద పలుగు ఉన్నాయి.

"ఈయన తాపీమేస్త్రీ అండీ" అంది. "పగుళ్ళు చూపించండి."

అతను గోడలన్నీ తడిమి, బయట వీధివార కొంచెం తవ్వి చూశాడు. "నీళ్ళు నిలవకుండా ఇక్కడ కాలవ తీయాలి. పగుళ్ళు పూడ్చి ఒక ఎండాకాలం ఆరనిస్తే బాగుపడుతుంది. ఎప్పుడో చెయ్యాల్సిన పని బాబుగారూ. మేస్త్రీకి ఎందుకు చూపించలేదు?"

మేస్త్రీకి చూపించాలంటే పటాలు దించాల్సి వచ్చేది. కప్పి ఉంచినందువల్లే ఆ పగుళ్ళు పెరిగాయని కామేశానికి అప్పుడు అర్థమైంది.

"ఆరోజు కోపంతో వెళ్ళిపోయారు కదమ్మా?" అన్నాడు నూకరత్నంతో.

"కోపం వచ్చిందండీ. ఇంటికెళ్ళాక మా అత్త ఒకటే పోరు. అమ్ముడుపోయిన ఇంటికి లోపాలు చెప్పినవాణ్ణి ఎక్కడైనా చూశావటే అని." నూకరత్నం నవ్వింది. "నిజమేనండీ. మేం చూసిన ఇళ్ళలో ఒక్కదానికీ లోపం లేదు. అందుకే ఒక్కదాన్నీ నమ్మలేకపోయాం. మీ ఇంట్లో ఏది ఎక్కడ పగిలిందో మాకు తెలుసు. బాగుచేయించి, గోడలు ఆరాక అత్తను తీసుకొస్తాం. కాని ఆవిడ ఒక షరతు పెట్టింది. తలుపు కన్నం పూడ్చకూడదట."

బేరం కుదిరింది. మొదటి వాన పడకముందే మాణిక్యమ్మ వసారా ఇంటికి సామాను కట్టుకుంది. బయలుదేరే రోజు మధ్యాహ్నం భార్యాభర్తలు నడిమి గది తలుపులు మూసి, గచ్చుమీద పక్కపక్కన పడుకున్నారు. మబ్బు విడిచింది. గోడమీద కొండ మెల్లగా వెలిగింది.

"మనం కాపురానికి వచ్చిన నాటినుంచీ ఇది తలుపు అవతలే ఉంది కదూ?" అన్నాడు కామేశం గొంతు తగ్గించి.

"రోజూ వచ్చి నిలబడి ఉంటుందండీ" అంది మాణిక్యమ్మ. "మనమే అడ్డం పెట్టాం."

తన లోపాన్ని కప్పిపుచ్చుకునేవాడు దానితోపాటు దేవుడిచ్చిన వరాన్ని కూడా కప్పేసుకుంటాడు. ఉన్నది ఉన్నట్టు చూపించినవాడికే పగులూ పూడుతుంది, నమ్మకమూ దక్కుతుంది.