నక్క మేస్త్రి మెరుగులు

వేరుశనగ చేల అవతల ఒక ఎర్రమట్టి దిబ్బ ఉండేది. ఆ ఏడు వానలకు దిబ్బమీది బొరియలన్నీ కూలిపోయాయి. తలదాచుకునే చోటు లేక జంతువులు తడుస్తుంటే, నక్క ఒక పందికొక్కుల ముఠాను వెంటబెట్టుకొచ్చి అందరికీ కొత్త బొరియలు తవ్వించింది. ఊరికే ఇచ్చింది. ఊరికే వస్తున్నదాని గురించి ఆరా తీసే ఓపిక తడిసి ముద్దయినవాళ్లకు ఎక్కడుంటుంది? "బొరియ మీది. అప్పుడప్పుడూ మెరుగులు చేయించే పూచీ మాత్రం నాది," అని నక్క అంటే అందరూ తలలూపారు. ఆనాటినుంచి అది నక్క మేస్త్రి అయింది.

ఇక మెరుగులు మొదలయ్యాయి. పందికొక్కులు ముళ్లపంది గుమ్మాన్ని తీసుకెళ్లి పైకప్పులో పెట్టాయి. ఇంట్లోకి రావాలంటే పాపం పైనుంచి దూకాలి, దూకినప్పుడల్లా తన ముళ్లు తనకే గుచ్చుకునేవి. తాబేలుకు అసలు బొరియే లేదు. అయినా వదలకుండా దాని డిప్పకు కిటికీ పెట్టి వెళ్లాయి.

"గాలి బాగా వస్తోందా?" అని నక్క అడిగింది.

"వాన కూడా వస్తోంది," అంది తాబేలు.

"చూశావా! ఒక్క కిటికీకి రెండు లాభాలు!"

దిబ్బ అంచున ఒక కుందేలు ఉండేది. ఇంకా కళ్లు తెరవని పిల్లల తల్లి. మెరుగు చేసిన ప్రతిసారీ దాని గుమ్మం కాస్త వెడల్పయ్యేది. చెవులు వంచకుండా లోపలికి వెళ్లొచ్చని మొదట్లో మురిసిపోయింది కూడా. పని అయ్యాక నక్క వచ్చి, ఎలా కుదిరిందో చూస్తానంటూ మూతి లోపలికి పెట్టేది. మొదట ముక్కు మాత్రమే పట్టింది. తర్వాత కళ్లదాకా పట్టింది. మొన్న చెవులదాకా దూర్చి, పిల్లలను తేరిపార చూసి, "బాగా ఎదుగుతున్నాయి," అని పెదాలు నాక్కుంది. అప్పుడు అర్థమైంది కుందేలుకు. ఇంకొక్క మెరుగు జరిగితే ఆ మెడ కూడా దూరుతుంది, మెడ దూరితే పిల్లలు దక్కరు.

మర్నాడే నక్క ముఠాతో దిగింది.

"చెల్లెమ్మా, గుమ్మానికి కొత్త మెరుగొకటి వచ్చింది. ఇప్పుడే చేయించుకుంటావా, కాసేపాగి చేయించుకుంటావా?"

"అసలు వద్దు మేస్త్రీ."

"ఇప్పుడా, కాసేపాగా?"

"వద్దంటున్నానా!"

"నేనడిగింది రెండే కదమ్మా. మూడోది ఎక్కణ్ణుంచి తెచ్చావు?"

"నా ఇల్లు నాకు ఇలాగే బాగుంది."

"అలాగే అనిపిస్తుంది. పాత గుమ్మాలతో వచ్చిన చిక్కే అది. సరే, నీ మాట ఎందుకు కాదనాలి? కాసేపాగే చేయిస్తాను. ఈలోపు నేనో కునుకు తీస్తా."

వెళ్తూ వెళ్తూ పందికొక్కులతో ఎప్పుడూ చెప్పే మాటే చెప్పింది. "ఇంటివాళ్లు అరుస్తారు. అరిచారంటే పని బాగా కుదురుతున్నట్టే. మధ్యలో ఆపకండి."

కుందేలు ఏడుపు దిగమింగుకుని ముఠా పెద్ద దగ్గరికి వచ్చింది.

"అన్నా, మీ పనితనం గురించి దిబ్బంతా చెప్పుకుంటున్నారు."

"ఏదో అక్కా, తవ్వడం తప్ప మాకేం తెలుసు?" అంది పెద్ద పందికొక్కు, ఉబ్బిపోతూ.

"మరి మేస్త్రి ఇంటికి ఎన్ని మెరుగులు చేశారు?"

పందికొక్కులు ఒకదాని మొహం ఒకటి చూసుకున్నాయి.

"ఒక్కటీ చెయ్యలేదక్కా."

"అయ్యో! ఇంకా ఆ పాత గుమ్మంతోనే నెట్టుకొస్తున్నారా? అందరి ఇళ్లూ చూసుకునే మనిషి, నాక్కూడా చెయ్యండ్రా అని నోరు తెరిచి అడగ్గలరా? మొహమాటం అడ్డొస్తుంది."

"లేకపోతే మన పని ఆయన కంటికి ఆనలేదేమో," అని ఒక పందికొక్కు రోషపడింది.

"ఆనకపోవడమేంటి! పదండ్రా, చూపిద్దాం," అంది పెద్ద.

"మరి అక్క ఇల్లు?"

"అక్కది కాసేపాగి కదా."

పందికొక్కులకు తెలిసిన సూత్రం ఒక్కటే, మెరుగంటే మునుపున్నట్టు ఉండకూడదు. నక్క గుమ్మం వెడల్పుగా ఉంది కాబట్టి మట్టి మెత్తి ఇరుకు చేశాయి. వెనక దారి ఉంది కాబట్టి లేకుండా చేశాయి. లోపల గురకపెడుతున్న నక్క ఆ చప్పుడుకు లేచి బయటికి రాబోయింది. ముక్కు మాత్రమే బయటికి వచ్చింది.

"ఒరేయ్! ఏం చేస్తున్నార్రా? ఆపండి!"

"అరుస్తున్నాడు," అంది ఒక పందికొక్కు సంబరంగా.

"కుదురుతోందన్నమాట. ఇంకో తట్ట వెయ్యండి."

"నేన్రా, మీ మేస్త్రిని! ఇది నా ఇల్లురా!"

"ఇంటివాళ్లందరూ ఇదే అంటారయ్యా, మీకు తెలియందేముంది?" అని పెద్ద పందికొక్కు ఓదార్చింది. "కాస్త ఓర్చుకోండి, తర్వాత మీకే అలవాటవుతుంది."

"నాకొద్దురా నాయనా!"

"అబ్బ, ఎంత గట్టిగా అరిచాడో! ఇంత బాగా ఎప్పుడూ కుదరలేదు."

ఆ పని ముగించుకుని ముఠా కుందేలు గుమ్మం ముందుకు వచ్చింది. కుందేలు పిల్లలను పొట్టకింద పొదువుకుని కూర్చుంది.

"మరి మొదలుపెట్టమంటావా అక్కా?"

"వద్దు."

పందికొక్కులు తెల్లబోయాయి. అరుపు లేకుండా, పక్కన మేస్త్రి లేకుండా, ఆ మాట వినడం వాటికి అదే మొదలు.

"వద్దంటే మేమేం చెయ్యాలక్కా?"

"వెళ్లిపోవాలి."

"అంతేనా?"

"అంతే."

కాసేపు గుసగుసలాడుకున్నాయి. "ఇదేదో మునుపెప్పుడూ లేదే!" అని ముచ్చటపడి, తట్టలెత్తుకుని వెళ్లిపోయాయి. కుందేలు అప్పటికప్పుడు తన కాళ్లతోనే మట్టి తెచ్చి, చెవులు వంచితే తప్ప దూరలేనంతగా గుమ్మాన్ని తగ్గించుకుని, పిల్లల మధ్య పడుకుని తనివితీరా ఏడ్చింది.

నక్క మాత్రం బక్కచిక్కి ఆ కంతలో పట్టేదాకా లోపలే ఉండిపోయింది. నాకైతే జాలి కలగలేదు. చివరికి చర్మం గీరుకుంటూ బయటపడి, పందికొక్కులు ఇంకో మెరుగుతో ఎదురొస్తాయేమోనని వెనక్కి చూడకుండా చేలకు అడ్డంపడి పారిపోయింది.

నీతి: నీ గుమ్మం దగ్గర నీ "వద్దు" చెల్లకపోతే, ఆ ఇంట్లో నువ్వు యజమానివి కాదు, ఎవరో దాచుకున్న తిండివి.