ఆకులో లేని ప్రశ్న

పైడిమెట్ట మహారాజు చంద్రమౌళికి ఒకనాడు ఓ సరదా పుట్టింది. రాజ్యంలోని బడులన్నిటిలోనూ ఒకే వేళకు పిల్లలంతా ఒకే మాట పలకాలట. తాను మేడ మీద నిలబడితే నాలుగు వీధుల నుంచీ ఒకే పాఠం ఒకే గొంతుగా వినిపించాలట.

ఆ మాట ఆయన నోట్లోంచి ఊడిపడిందో లేదో, ఆస్థాన పండితుడు శితికంఠభట్టు అందిపుచ్చుకున్నాడు. నెల తిరక్కుండానే తాటాకుల కట్టలు బడులకు చేరిపోయాయి. పంతులు ఏం చెప్పాలి, ఎప్పుడు చిటికె వెయ్యాలి, చిటికె పడగానే పిల్లలు ఏమని పలకాలి, సరిగ్గా పలికితే ఎలా మెచ్చుకోవాలి, తప్పు పలికితే ఎలా కసరాలి, అన్నీ అందులోనే ఉన్నాయి. చదువుకీ అదే, లెక్కలకీ అదే. కొత్తగా చేరిన పంతుళ్లు మాత్రం హాయిగా ఊపిరి పీల్చుకున్నారు. ఏం చెప్పాలా అని తల బద్దలు కొట్టుకునే పని తప్పింది కదా!

"ఆకులో మాట మీరిన పంతులు ఊరు విడిచి పోవాలి" అని రాయించి, దానికి మహారాజు ముద్ర కూడా వేయించుకున్నాడు భట్టు.

మొట్టమొదట దొరికిపోయినవాడు కోట వీధి బడి కామాక్షయ్య పంతులు.

జరిగింది ఇంతే. పది చింతగింజల్లో మూడు తీసేస్తే ఎన్ని అని చిటికె వేశాడు. అందరూ ఏడన్నారు. ఒక పిల్ల ఎనిమిదంది. ఆకు ప్రకారం "తప్పు! చెవి పట్టుకో, ఏడు అను" అని కసరాలి. కామాక్షయ్య కసరలేదు. ఆ పిల్ల పక్కన చతికిలబడి, "ఎనిమిది ఎలా వచ్చిందమ్మా?" అని అడిగాడు. పిల్ల వేళ్లు ముడుస్తూ, "పది, తొమ్మిది, ఎనిమిది. మూడు అయిపోయాయిగా!" అంది. "ఓహో, ఒక్కటీ తీయకముందే పది అని ఒక వేలు ముడిచేస్తున్నావా తల్లీ!" అని ఆయన నవ్వి, గింజలు ఒక్కొక్కటే తీయించి చూపించాడు. తనిఖీకి వచ్చిన భట్టు శిష్యుడు కిటికీ అవతల నుంచి అంతా విన్నాడు.

ఆ పిల్ల పేరు ఎర్రమ్మ. గుండన కూతురు. గుండన అంటే మహారాజు వెంట తాంబూలపు పెట్టె పట్టుకుని తిరిగేవాడు. "నాన్నా, నా లెక్క ఎక్కడ తప్పుతోందో పంతులుగారు పట్టేశారు!" అని ఆ సాయంత్రం గెంతులేసిన పిల్ల, ఆయన్ని ఊరి నుంచి వెళ్లగొడతారని వినగానే అన్నం ముట్టకుండా పడుకుంది. గుండనకు కడుపు మండిపోయింది. కానీ మహారాజు ముద్ర పడ్డ మాటను మహారాజు ముందే తప్పనడం ఎవరి తరం?

మర్నాడు కామాక్షయ్యను సభలో నిలబెట్టారు. మహారాజు నోరు తెరిచేలోగా గుండన ముందుకొచ్చి చేతులు కట్టుకున్నాడు.

"శిక్షకు ముందు చిన్న మనవి ప్రభూ. పాఠం ఎలా చెప్పాలో భట్టుగారే ఒకసారి చేసి చూపిస్తే సభంతా తరిస్తుంది."

భట్టు పొంగిపోయాడు. "దానికేం భాగ్యం! పిల్లల్ని పిలిపించు."

"పసివాళ్లు ఇంతమందిని చూస్తే బెదిరిపోతారు అయ్యవారూ. ఈ పూటకి ప్రభువులే శిష్యులైతేనో?"

మహారాజు ఎగిరి గంతేసినంత పని చేశాడు. సింహాసనం దిగి, బాసింపట్టు వేసుకుని కింద కూర్చున్నాడు.

"ప్రభువుల ముందు చింతగింజలేం బాగుంటాయి!" అంటూ గుండన వంటశాల నుంచి వేడి వేడి అరిసెలు పది తెచ్చి పెట్టాడు. మహారాజుకు అరిసెలంటే ఎంత ప్రాణమో అతనికి తెలుసు. ఆకులో పాఠానికి ముందు చదవాల్సిన స్తోత్రం ఎంత పొడుగో కూడా తెలుసు.

భట్టు ఆకును ముక్కుకు ఆనించుకుని స్తోత్రం అందుకున్నాడు. అది సాగింది, సాగింది. నేతి వాసన కూడా సభంతా సాగింది. మహారాజు చెయ్యి మెల్లగా పళ్లెం మీదకు వెళ్లి వచ్చింది. గుండన కళ్లు దించుకున్నాడు.

"నీ ముందు పది ఉన్నాయి" అని చదివాడు భట్టు, ఆకు మీంచి చూపు తిప్పకుండా. తడుముకుంటూ మూడు అరిసెలు తీసి పట్టుకున్నాడు. "మూడు తీశాను. ఎన్ని మిగిలాయి?" చిటికె వేశాడు.

మహారాజు పళ్లెంలోకి చూసి, గర్వంగా అన్నాడు.

"ఆరు!"

భట్టు తలెత్తాడు. మహారాజు పెదవుల మీద నెయ్యి మెరుస్తోంది.

"ఏడు రాలేదు కదా అయ్యవారూ," అన్నాడు గుండన వినయంగా. "తర్వాతి మాట చదవండి. ఆకు మీరకూడదు."

భట్టు చూపు తర్వాతి మాట మీద పడింది. 'తప్పు! చెవి పట్టుకో.' మహారాజు చేత చెవి పట్టించాలా?

"ఊఁ, చదవవయ్యా!" అన్నాడు మహారాజు, తనకేం రాసిపెట్టి ఉందో తెలియక.

భట్టు ఆకు దించేశాడు. చెమట తుడుచుకున్నాడు.

"ప్రభూ... ఆరు ఎలా వచ్చిందో సెలవిస్తారా?"

"మీ స్తోత్రం పూర్తయ్యేలోగా ఒకటి తినేశానయ్యా!"

సభ గొల్లుమంది. ఆ నవ్వులు సద్దుమణగక ముందే గుండన మహారాజుకు వంగి దండం పెట్టాడు.

"కామాక్షయ్య పంతులుగారు అడిగింది కూడా ఆ ఒక్క ప్రశ్నే ప్రభూ! ఇప్పుడు ఊరు విడవాల్సింది ఒకరా, ఇద్దరా?"

మహారాజు భట్టు చేతిలోంచి ఆకు లాక్కుని తర్వాతి మాట చదివాడు. పగలబడి నవ్వుతూ, నిండు సభలో తన చెవి తానే పట్టుకున్నాడు.

"తప్పు నాది. ముద్ర వేసింది నేనేగా! పంతులుగారూ, మీ బడికి మీరు వెళ్లండి. ఆకు దగ్గరుంచుకోండి, పిల్ల మొహం చూడాల్సి వచ్చినప్పుడు మాత్రం కింద పెట్టేయండి."

మెడలోని ముత్యాల హారం తీసి గుండన మెడలో వేశాడు. పళ్లెం కూడా అతని చేతికిచ్చాడు.

"ఇవి మీ అమ్మాయికి. భట్టుగారూ, మీ చేతిలో మూడున్నాయి, కానివ్వండి. చల్లారిపోతున్నాయి!"

ఈసారి భట్టు కూడా నవ్వాడు, నోరు అరిసెతో నిండి ఉన్నా.