రంగు పట్టని చిగురు

సంతకం కోసం ఇందుమతి ఒక రిపోర్టు కాగితం తెచ్చేసరికి సత్తారు గారు టీ చల్లార్చుకుంటున్నారు. కాకినాడలో ఆ దంతవైద్య కళాశాల పెట్టినప్పటి నుంచీ, నోట్లో పుట్టే గడ్డల ముక్కలు మైక్రోస్కోపులో చూసి రోగం పేరు చెప్పేది ఆయనే. ఇందుమతి ఆయన దగ్గర పీజీ ఆఖరి సంవత్సరం చదువుతోంది.

కాగితం నూకరత్నం గురించి. హార్బరులో చేపల వేలం పాడే మనిషి ఆవిడ. నోరే ఆవిడ బతుకు. కింది దవడ ఎముకలో, ఎడమ పక్కన, తిత్తిలాంటి గడ్డ పుట్టింది. గడ్డ తిత్తి దాటలేదనీ, తోడి తీసేసి ఆ తర్వాత ఏళ్ళ తరబడి కనిపెట్టుకుని ఉంటే చాలనీ సత్తారు గారు అంతకుముందే చెప్పారు.

ఇందుమతి కాగితం ఆ మాటకి అడ్డం వెళ్ళింది.

ఆమె పరిశోధన అంతా కణాన్ని కణంతో పట్టి ఉంచే అణువుల మీద. ఆ పట్టు సడలితే గడ్డ కణాలు విడివడి ఎముకలోకి పాకవచ్చు. పట్టు గట్టిగా ఉంటే, ఒక ప్రత్యేకమైన రంగు వేసినప్పుడు కణాల అంచులు గోధుమ రంగులో తేలతాయి. నూకరత్నం ముక్కలో అంచులు తేలలేదు.

"ఇది మెతక గడ్డ కాదు సార్. పట్టు పూర్తిగా పోయింది. దవడ ఆ పక్క కోసి తీసెయ్యాలి. ఆపరేషన్ గురువారమే."

గురువుగారికి దొరకనిది తనకి దొరికిందన్న సంబరం ఆ గొంతులో దాగలేదు. సత్తారు గారు పెన్ను తీశారు. మళ్ళీ మూత పెట్టేశారు. సొరుగులోంచి ఒక స్లైడు తీసి బల్ల మీద పెట్టారు. దాని మీద పెన్సిలుతో రాసిన అంకె తప్ప పేరు లేదు.

"ఇంకోసారి వెయ్యమ్మా రంగు. దాంతో పాటు ఇదీ వెయ్యి."

"ఇదెవరిది సార్?"

"వేశాక నువ్వే చెప్పు."

మర్నాడు మధ్యాహ్నానికి రెండూ సిద్ధమయ్యాయి. రెండూ వెలవెలబోతున్నాయి. ఇందుమతి చాలాసేపు చూసి తలెత్తింది.

"పైకి మామూలు చిగురులానే ఉంది సార్. కానీ ఇందులోనూ పట్టు లేదు. లోపల ఏదో మొదలవుతోంది. ఈ మనిషినీ వదలకూడదు."

"అయితే గురువారం రెండు ఆపరేషన్లు పెట్టించాలన్నమాట."

ఆయన నోరు తెరిచి, వేలితో బుగ్గ పక్కకి లాగి చూపించారు. చివర ఒక పన్ను లేదు.

"పోయినేడు జ్ఞానదంతం తీయించుకున్నాను. ఆ చిగురు ముక్క దాచుకున్నాను. నాదేనమ్మా."

ఇందుమతికి నవ్వొచ్చింది. సగంలో ఆ నవ్వు ఆగిపోయింది. లేచి ఫ్రిజ్ దగ్గరికి పరుగెత్తింది. ఆదివారం ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి రోజంతా కరెంటు లేదు. ఫ్రిజ్‌లో ఉన్న రంగు పట్టించే మందు ఆ వేడికే పాడైంది. మందు పనిచేస్తోందో లేదో తెలియడానికి ప్రతిసారీ పక్కన ఒక ఆరోగ్యమైన ముక్కకి కూడా రంగు వెయ్యాలి. రెండు చుక్కలు మిగులుతాయని ఆ పని మానేసింది తనే.

విశాఖపట్నంలో ఉన్న స్నేహితురాలు ఐసుడబ్బాలో కొత్త సీసా పెట్టి బస్సుకిచ్చి పంపింది. బుధవారం వేసిన రంగుకి రెండు స్లైడుల్లోనూ కణాల అంచులు వల పరిచినట్టు గోధుమ రంగులో తేలాయి. ఇందుమతి అంతటితో ఊరుకోలేదు. నూకరత్నం ముక్కలోని తిత్తి గోడ నుంచి మరో పన్నెండు కోతలు కోసి ఒక్కొక్కటే చూసింది. ఎక్కడా గోడ దాటలేదు. కాగితం చింపేసి సర్జన్ దగ్గరికి తనే వెళ్ళి ఆ సంగతి చెప్పింది.

గురువారం గడ్డ బయటికొచ్చింది. దవడ దవడలానే ఉంది.

మూడు నెలల తర్వాత నూకరత్నం చూపించుకోవడానికి వచ్చింది. ఎక్స్‌రేలో ఖాళీ అయిన చోట కొత్త ఎముక అల్లుకుంటోంది. ఆవిడ గొంతు ఆవిడ కంటే ముందే మెట్లెక్కింది.

"ఏవమ్మా డాక్టరమ్మా, నా దవడ ఉంచమన్నది నువ్వేనంట గదా?"

"కాదండి," అంది ఇందుమతి. చెప్పకుండా ఉండలేకపోయింది. "మొదట తీసెయ్యమన్నది నేనే. తర్వాత మళ్ళీ చూసుకున్నాను."

నూకరత్నం గది దద్దరిల్లేలా నవ్వింది.

"నేనూ అంతేలే. పాట కొట్టేశాక బుట్టడుగున చచ్చు చేప కనబడిందనుకో, సిగ్గుపడితే ఎలాగ? మళ్ళీ పాట పెట్టడమే."

ఆవిడ వెళ్ళాక కూడా ఇందుమతీ, ఆ గదిలోనే ఉన్న సత్తారు గారూ చాలాసేపు నవ్వుకున్నారు. ఆ నవ్వులోనే ఇందుమతి ఇన్నాళ్ళూ దాచుకున్న మాట అడిగేసింది.

"నాది తప్పని మీకు మొదటే తెలుసు కదా సార్. ఆ రోజే చెప్పేస్తే సరిపోయేదిగా?"

సత్తారు గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"నాకెక్కడ తెలుసమ్మా? తప్పు నాదేమో అనుకున్నాను."