అసిరయ్య ఎత్తిన డబ్బా

అనగా అనగా ఓ లోయ. ఆ లోయకి ఒకటే దారి, ఆ దారికి ఒకటే జీపు. మీ తాతలు పడుచువాళ్ళుగా ఉన్న రోజుల మాట. మధ్యలో "ఏ సంవత్సరం?" అని అడిగారో, ఇక్కడే ఆపేస్తాను.

ఆ జీపు మహా ముసలిది. ఏదో యుద్ధంలోంచి వచ్చిందనేవాళ్ళు. ఎవరితో ఎవరు చేసిన యుద్ధమో ఎవరికీ తెలీదు. నడిపేవాడు దాలినాయుడు. దాని మంచీ చెడ్డా చూసే క్లీనరు అసిరయ్య. క్లీనరంటే కుర్రాడనుకునేరు! తల నెరిసినవాడు. పెళ్ళాం ఎప్పుడో పోయింది. మిగిలింది ఒక్కతే కూతురు, సన్నెమ్మ. ఆ పిల్లే అతనికి పంచప్రాణాలు.

జీపు మొరాయిస్తే దాలినాయుడికి ఒళ్ళు తెలిసేది కాదు. చోకు లాగి లాగి, హ్యాండిలు తిప్పి తిప్పి, ప్లగ్గులన్నీ పెట్రోలుతో తడిపేసి, దాని ఏడు తరాలనీ తిట్టేవాడు. అసిరయ్య మాత్రం నెమ్మదిగా అనేవాడు. "తిట్టకు నాయుడూ, అడుగు. బండి మూడే కోరతాది. నిప్పు, చమురు, గాలి. ఏది నేదో అదే సెబుతాది. బండి అబద్దమాడదు."

ఆ యేడు ముసురు పట్టిన రోజుల్లో సన్నెమ్మకి నొప్పులొచ్చాయి. అల్లుడు కూలికని పైదేశం పోయి ఉన్నాడు. మంత్రసాని గౌరప్ప చెయ్యాల్సిందంతా చేసింది. చివరికి చీర కుచ్చిళ్ళకి చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది.

"నా సేతిలో నేదు అసిరన్నా. నెత్తురు పోతంది. కొండ మీద ఆసుపత్రికి ఎత్తుకెళ్ళిపోవాల."

సన్నెమ్మని జీపులో వెనక పడుకోబెట్టారు. గౌరప్ప పక్కన కూచుంది. నాయుడు హ్యాండిలు తిప్పాడు. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

"తిట్టకు నాయుడూ, అడుగు," అన్నాడు అసిరయ్య. ప్లగ్గు తీగ ఇంజనుకి దగ్గరగా పట్టి తిప్పమన్నాడు. నిప్పురవ్వ పడలేదు. తీగలన్నీ వచ్చి కలిసే నల్లమూత విప్పి చూస్తే లోపలంతా చెమ్మ. చొక్కా లోపల దాచుకున్న పొడిగుడ్డతో తుడిచాడు, ఊదాడు, మళ్ళీ తుడిచాడు. జీపు దగ్గి లేచింది.

"అయ్యా, బయలెల్లినామా?" అంది సన్నెమ్మ.

"బయలెల్లినాం అమ్మీ."

కొండ సగం ఎక్కారు. జీపు ఎగిరెగిరి పడి ఆగిపోయింది. అసిరయ్య దూకి చక్రం వెనక రాయి పెట్టాడు.

"తిట్టకు నాయుడూ, అడుగు." గొట్టం ఊడదీస్తే పెట్రోలు చుక్కచుక్కే వస్తోంది. అడుగున నలక అడ్డం పడింది. నోరు పెట్టి బలంగా ఊదాడు. నోటినిండా పెట్రోలు, కళ్ళనిండా నీళ్ళు. ఉమ్మేసి, గొట్టం బిగించాడు. జీపు కదిలింది.

"అయ్యా, ఇంకెంత దూరం?"

"సగం వచ్చినాం అమ్మీ. సగం ఉంది." ఎంత ఉంటే అంత చెప్పేవాడు అసిరయ్య. ధైర్యానికని కూడా తగ్గించి చెప్పడం తెలీదు.

మరి నాలుగు మలుపులు తిరిగారో లేదో, జీపు ఏ చప్పుడూ లేకుండా ఆగిపోయింది. ఈసారి ఇంజనుకి పెట్రోలు తోడే పంపు పోయింది. విప్పి చూస్తే లోపలి పొర నిలువునా చిరిగిపోయింది. దానికి ఊదితే లాభం లేదు, తుడిస్తే లాభం లేదు. కొత్తది పట్నంలో దొరకాలి. అసిరయ్య బురదలో చతికిలబడ్డాడు. వెనకనుంచి సన్నెమ్మ ఈసారి ఏమీ అడగలేదు. మూలిగింది. ఆ మూలుగు విని లేచాడు.

జీపులో పడున్న ఓ డబ్బాలోకి టాంకులోంచి పెట్రోలు పట్టాడు. డబ్బాకి రబ్బరు గొట్టం తగిలించి, రెండో కొస ఇంజను మీద చమురూ గాలీ కలిపే కార్బరేటరుకి ఎక్కించాడు. డబ్బా పట్టుకుని ముందు మడ్‌గార్డు మీద ఎక్కి కూచున్నాడు. చెయ్యి పైకెత్తాడు. పైనుంచి కిందికి చమురు దానంతటదే దిగింది, జీపు లేచింది.

డబ్బాని కట్టేసుకోవచ్చు కదా అంటారు, నాకు తెలుసు. ఆ గతుకుల్లో ఏ తాడు ఆగుతుంది? ఎక్కువ ఎత్తితే పొంగుతుంది, దించితే ఆగిపోతుంది. చెయ్యే కావాలి. వెనక్కి తిరిగి చూడ్డానికీ లేదు, తిరిగితే గొట్టం ఊడిపోతుంది. ముందుకి చూస్తూ, వానలో తడుస్తూ, అలా ఎత్తి పట్టుకునే ఉన్నాడు.

"గౌరప్పా! అమ్మి ఎలగుంది?" అని అరిచాడు.

"ఓర్సుకుంటంది అన్నా!"

కాసేపటికి ఇంజను రొదలోంచి సన్నగా ఓ ఏడుపు వినిపించింది. "ఆడపిల్ల అన్నా! నీకు మనవరాలు!" అంది గౌరప్ప. అసిరయ్య నవ్వాడు. ఆ చలిలో, ఆ వానలో, చెయ్యి లాగేస్తుంటే పెద్దగా నవ్వాడు. ఎన్నాళ్ళకి నవ్వాడో!

ఇక్కడ మీకో మాట చెప్పాలి. అసిరయ్యకి తెలీని మాట. ఆ బిడ్డ బయటపడ్డాక సన్నెమ్మ ఊపిరి ఆగిపోయింది. బిడ్డ కూడా నీలం తిరిగి, ఏడుపు ఆపేసి, ఎగశ్వాస పీలుస్తోంది. గౌరప్ప ముందుకి వంగి నాయుడి చెవిలో చెప్పింది.

"సెప్పకు," అన్నాడు నాయుడు. "సెబితే సెయ్యి దించేత్తాడు. సెయ్యి దిగితే బండి ఆగిపోతాది. బండి ఆగితే ఈ పసిగుంట కూడా దక్కదు."

ఏం, తప్పుగా ఆలోచించారా? మీరైతే ఏం చేసుందురు?

"గౌరప్పా! సన్నెమ్మ ఎలగుంది?"

"నిద్దరోతంది అన్నా."

"పడుకోనీ, పడుకోనీ. అలిసిపోనాది పాపం." అసిరయ్య ప్రాణం కుదుటపడింది. సన్నెమ్మని చిన్నప్పుడు ఏ జోలపాటతో పడుకోబెట్టేవాడో ఆ పాట ఎత్తుకున్నాడు. దారంతా పాడాడు. పాట అయిపోతే మళ్ళీ మొదలుపెట్టాడు. వెనక గౌరప్ప నోట్లో కొంగు కుక్కుకుంది.

"లేచిందా? మంచినీళ్ళడిగిందా?"

ఈసారి గౌరప్ప నాయుడి భుజం తట్టింది. "నేదు మావా, నిద్దరోతంది," అన్నాడు నాయుడు.

"సిన్నప్పుడూ అంతే. పడుకుంటే లేచేది కాదు," అని నవ్వాడు అసిరయ్య.

ఆసుపత్రి వచ్చింది. గౌరప్ప బిడ్డని ఎత్తుకుని లోపలికి పరిగెత్తింది. కొయ్యబారిన వేళ్ళలోంచి నాయుడే డబ్బా విడిపించాడు. అసిరయ్య నవ్వుతూ వెనక్కి వెళ్ళి కూతుర్ని లేపబోయాడు. పాదాలు తాకాడు. మళ్ళీ తాకాడు. నవ్వు అలాగే మొహం మీద ఉండిపోయింది, దాన్ని ఏం చెయ్యాలో అతనికి తెలీలేదు.

"ఎప్పుడు?" అన్నాడు.

"పిల్ల పుట్టగానే, మావా," అన్నాడు నాయుడు తల దించుకుని. "సెబితే సెయ్యి దించేత్తావని..."

"దించుతానా? నా బిడ్డ కన్న బిడ్డని సంపుకుంతానా? ఏడుత్తా ఏడుత్తా పట్టుకుందును కదరా! నా కూతురి కోసం ఏడవాల్సిన దారంతా నాసేత నవ్వించినారు. పాడించినారు కదరా నాయుడూ!"

నాయుడు కాళ్ళమీద పడ్డాడు. పడితే ఏం లాభం? ఆ దారి మళ్ళీ రాదు కదా.

మనవరాలు బతికింది. అసిరయ్య ఎన్నాళ్ళో బతకలేదు. ఆ పిల్లని ఎత్తుకునేవాడు, బువ్వ పెట్టేవాడు, జోల మాత్రం పాడలేకపోయేవాడు. పాట గొంతు దాకా వచ్చి, అక్కడే చచ్చిపోయేది. మళ్ళీ వానలు పట్టేసరికి కూతురి దగ్గరికే వెళ్ళిపోయాడు.

ఇప్పుడు ఆ కొండకి తారు రోడ్డు పడింది. జీపు ఏ గెడ్డ నీళ్ళలో తుప్పు పట్టిందో ఎవరికీ తెలీదు. కానీ ఆ లోయవాళ్ళు రోగిని బండిలో తీసుకెళ్ళేటప్పుడు ముందు కూచున్నవాడు అడుగుతూనే ఉంటాడు. వెనక కూచున్నవాడు ఉన్నదున్నట్టు చెప్పాలి. కడుపు తరుక్కుపోయినా చెప్పాల్సిందే.

ఆసుపత్రి గుమ్మాల దగ్గర, చావు కబురు పట్టుకొచ్చి చెప్పలేక నీళ్ళు నమిలేవాళ్ళ ముందు, ఆ లోయలో పుట్టిన ఆడదైనా మగవాడైనా గోడకి ఆనుకుని ఒకటే మాట అంటారు.

"సెప్పు. నేను సెయ్యి దించను."